పిలిచే అన్న.. బలయ్యే తమ్ముడు

*మీసం సరిగా రాకముందే కత్తి పడుతున్న కుర్రాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? ఆ కత్తి చేతికందిస్తున్నదెవరు? గ్యాంగుల్లోకి వెళ్లినవాళ్లను వెనక్కి తెచ్చుకున్న ఊళ్లు ఏం చేశాయి?*

2020 మే 30, శనివారం. కరోనా లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా ఎత్తేయలేదు. మాస్కు లేకుండా గడప దాటితే పోలీసులు ఆపి అడుగుతున్న రోజులు. అలాంటి రోజున బెజవాడ పటమటలో పదుల సంఖ్యలో కుర్రాళ్లు కత్తులు, కర్రలు, రాళ్లతో ఒకరి మీద ఒకరు పడ్డారు. పరుగెత్తేవాళ్లు, తరిమేవాళ్లు, పడినవాడిని చుట్టుముట్టేవాళ్లు... ఆ దృశ్యాలు ఫోన్ల నుంచి ఫోన్లకు పాకి రాష్ట్రమంతా చూసింది. రెండు వర్గాల నాయకులూ గాయపడ్డారు. వారిలో ఒకరు మర్నాడు ఆస్పత్రిలో చనిపోయారు. పోలీసులు పదుల సంఖ్యలో యువకులను అరెస్టు చేశారు.

తగాదా పుట్టింది యనమలకుదురు వైపు ఒక అపార్ట్‌మెంట్ లావాదేవీ దగ్గర. దాన్ని సెటిల్ చేయడానికి రెండు వర్గాలు తలదూర్చాయి. కొట్లాటకు వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి ఆ భవనంతో ఏ సంబంధమూ లేదు. కొన్నదీ, అమ్మిందీ వాళ్లు కాదు. మరెందుకు వచ్చారు? అన్న పిలిచాడు, వచ్చారు.

ఈమధ్య మళ్లీ ఎక్కడ చూసినా ఇవే మాటలు. బ్లేడ్ బ్యాచ్, గంజాయి బ్యాచ్, నడిరోడ్డు మీద తల్వార్‌తో కేకు కోస్తూ తీసుకున్న వీడియోలు. ఇది మన ఊళ్లకే పరిమితం కాదు. పుణెలో కొడవళ్లతో వీధుల్లో బీభత్సం చేసే ‘కోయతా గ్యాంగు’ల్లో మైనర్లు దొరుకుతున్నారు. చెన్నైలో సిటీ బస్సు రూటు కోసం కాలేజీ కుర్రాళ్లు కత్తులు దూసుకునే ‘రూట్ తల’ గొడవలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఏదైనా జరిగిన ప్రతిసారీ మనకు రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, పెంపకం సరిగా లేదు. రెండోది, నాలుగు తగిలిస్తే దారికొస్తారు. ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నాం కాబట్టే పాత బ్యాచ్ జైలుకు వెళ్లేలోపు కొత్త బ్యాచ్ తయారవుతోంది.

బెజవాడకు ఇది కొత్త కాదు

ఈ కథ రీల్స్‌తో మొదలైందనుకుంటే పొరపాటు. రైల్వే జంక్షన్, లారీలు, మార్కెట్లు, సినిమా వ్యాపారం కలిసిన బెజవాడలో 1970ల నాటికే కార్మిక సంఘాల మీద పట్టు కోసం పోరు నడిచింది. ఆ పట్టు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల మాట వింటుంది. 1974లో ఆ పోరులో ఒక వర్గానికి నాయకుడైన వంగవీటి రాధా హత్యకు గురయ్యారు. పోరు అక్కడితో ఆగలేదు, కాలేజీల్లోకి పాకింది. యునైటెడ్ ఇండిపెండెంట్స్, దాన్నుంచి విడిపోయిన వాళ్ల యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ అనే రెండు జెండాల కింద విద్యార్థులు చీలిపోయారు. కాలేజీ ఎన్నికల్లో మొదలైన కొట్లాటలు వీధుల్లోకి వచ్చాయి. విడిపోయిన వర్గం వైపు 1979లో దేవినేని గాంధీ, 1988లో ఆయన సోదరుడు దేవినేని మురళి హత్యలు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న రాధా తమ్ముడు, ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను చంపారు. ఆ తర్వాత కోస్తా జిల్లాలు తగలబడ్డాయి. కర్ఫ్యూలు పెట్టారు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

మరుసటి ఏడాదే ‘శివ’ వచ్చింది. బెజవాడలో ఇంజినీరింగ్ చదివిన రాంగోపాల్‌వర్మ తీసిన ఆ సినిమాలో కాలేజీ కుర్రాడు సైకిల్ చైను లాగడం చూసి థియేటర్లు ఊగిపోయాయి. ఆ కాలేజీ గొడవల వెనక ఊరి పెద్ద రౌడీ, అతని వెనక రాజకీయ నాయకుడు ఉన్నారన్నది ఆ కథలో అసలు విషయం. ప్రేక్షకులకు గుర్తుండిపోయింది మాత్రం చైను.

ఆ రోజుల్లో చచ్చిపోయిన పేరున్నవాళ్లకు విగ్రహాలు లేచాయి, వర్ధంతులు జరుగుతున్నాయి. వాళ్ల వెంట నడిచి కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న వాళ్లకు, కోర్టుల చుట్టూ తిరిగి చదువు వదిలేసిన వాళ్లకు ఏ కూడలిలోనూ చోటు దొరకలేదు.

వాడు ఎలా తయారవుతాడు?

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఏ ఒక్క స్టేషన్ రికార్డులోనో ఉన్న మనిషి కాదు, అన్ని స్టేషన్లలోనూ కనిపించే రకం.

తండ్రి ఆటోనగర్‌లో లేతు మిషన్ మీదో, లారీ క్లీనర్‌గానో పని. రాత్రి తాగి వస్తాడు. తల్లి తెల్లవారుజామున నాలుగిళ్లలో పాచిపనికి వెళ్తే మధ్యాహ్నానికి గానీ రాదు. కాలవ కట్ట మీదో, కొండవాలులోనో ఒకటే గది ఇల్లు. అందులో చదువుకోవడానికి మూల దొరకదు, పడుకోవడానికే సర్దుకోవాలి. వీడు పది పాసయ్యాడు. ఇంటర్ ఫస్టియర్‌లో లెక్కలు పోయాయి. కాలేజీ వాళ్లు ఫీజు కడతావా, టీసీ తీసుకుంటావా అన్నారు. సప్లిమెంటరీ రాయించే దిక్కు లేదు. మెకానిక్ షెడ్డులో చేరితే ఓనరు వాడిని పేరుతో ఒక్కసారైనా పిలవలేదు.

సాయంత్రం వాడు బడ్డీకొట్టు దగ్గర నిలబడతాడు. అక్కడ అన్న ఉంటాడు. వాడిని పేరు పెట్టి పిలుస్తాడు. “తిన్నావారా?” అని అడుగుతాడు. టిఫిన్ డబ్బులు తనే ఇస్తాడు. ఒకరోజు బండి తాళం విసిరి, “ఒక రౌండేసి రా” అంటాడు. చెల్లెలి వెంట ఎవడో పడుతున్నాడంటే, “నేను చూసుకుంటా” అంటాడు, నిజంగానే చూసుకుంటాడు. తల్లికి జ్వరమొస్తే ఆస్పత్రిలో తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాడు. ఇంట్లోగానీ, కాలేజీలోగానీ, షెడ్డులోగానీ దొరకని మూడు సంగతులు వాడికి బడ్డీకొట్టు దగ్గర దొరికాయి: పేరు, అండ, పని.

తర్వాత అన్న పుట్టినరోజు వస్తుంది. కూడలిలో ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీని ఒకసారి దగ్గరకెళ్లి చూడండి. మధ్యలో అన్న నిలువెత్తు బొమ్మ, నల్ల కళ్లద్దాలు, భుజం మీద కండువా. పైన పార్టీ పెద్దల ముఖాలు. కింది అంచున రెండు వరుసల్లో బొటనవేలంత ఫొటోలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. ఇనిషియల్ సరిగా పడిందా, పక్కన ఎవడి ఫొటో వేశారు, పై వరుసా కింది వరుసా అన్నవన్నీ ఆ కుర్రాళ్లకు ప్రాణం మీది సంగతులు. పదో తరగతి మార్కుల మెమో తర్వాత వాడి పేరు అచ్చులో కనిపించింది అక్కడే. ఆ ఫొటో దిగిన రోజు నుంచి వాడు అన్న మనిషి. రాత్రి పదకొండుకు “రేయ్, ఎక్కడున్నావ్? అర్జంటుగా రా” అని ఫోనొస్తే ఎందుకని అడగడు.

---

నలుగురిలో ఉంటే...

► ఉద్రేకాన్ని అదుపులో పెట్టి, పర్యవసానం ఆలోచింపజేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది.

► అమెరికాలో లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలితో కలిసి కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి 2005లో ఫలితాలు ప్రకటించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే, స్నేహితులు పక్కన నిలబడి చూస్తున్నప్పుడు టీనేజర్లు చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా పెద్దగా కనిపించలేదు.

► ఒంటరిగా ఉంటే ‘పోనీలే’ అని పక్కకు తప్పుకునే కుర్రాడు నలుగురు చూస్తుంటే ఎందుకు తగ్గడో ఇది చెబుతుంది. ఇప్పుడు ఆ నలుగురి స్థానంలో ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్లు, దాన్ని చూసే వేలమంది ఉన్నారు.

---

తమ్ముడి ఆకలి, అన్న అవసరం

పేదరికం ఉన్నచోటల్లా గ్యాంగులు పుట్టవు. నికార్సయిన కష్టంతో పిల్లల్ని గట్టెక్కించిన తల్లులు అవే కొండవాలు ఇళ్లలో వేలమంది ఉన్నారు. పేదరికం తమ్ముళ్లను తయారుచేస్తుంది, నిజమే. గ్యాంగు కావాలంటే తమ్ముళ్లతో అవసరం ఉన్న అన్న కూడా ఉండాలి.

ఆ అవసరం ఎక్కడిదంటే, మన వ్యవహారాలు నడిచే తీరు నుంచి వస్తుంది. స్థలం తగాదా కోర్టుకు వెళ్తే తీర్పు వచ్చేసరికి మనవలు పుడతారు. చీటీ డబ్బు ఎగ్గొట్టినవాడిని చట్టప్రకారం పట్టుకోవాలంటే చెప్పులరగాలి. వడ్డీ వ్యాపారి నోటు రాయించుకున్న దానికి లెక్క ఉండదు. ఇలాంటి ప్రతిచోటా ‘సెటిల్‌మెంట్’ అనే దుకాణం తెరుచుకుంటుంది. 2014లో రాజధాని ప్రకటన తర్వాత బెజవాడ చుట్టుపక్కల సెంటు భూమి రేటు ఎలా ఎగిరిందో అక్కడివాళ్లకు గుర్తుంది. రేటు పెరిగినచోట తగాదా పెరిగింది, తగాదా పెరిగినచోట నలుగురు కుర్రాళ్లను వెంటేసుకుని దిగే మనిషికి గిరాకీ పెరిగింది. హైదరాబాద్ శివారుల్లో భూములకు రెక్కలొచ్చిన కాలంలోనూ జరిగింది ఇదే.

లక్షల్లో కమీషన్ వచ్చే సెటిల్‌మెంటులో కుర్రాడికి అందేది బిర్యానీ, బీరు, బండిలో పెట్రోలు, ఎప్పుడో ఒక ఐదొందల నోటు. కత్తి పట్టేది వాడు, కేసులో మొదటి వరుసలో ఉండేదీ వాడే. ఎన్నికల ర్యాలీలో జెండా పట్టించి బండ్ల మీద తిప్పినవాళ్లు, డబ్బు వసూళ్లకు పంపినవాళ్లు, ఖాళీ స్థలం చుట్టూ కాపలా నిలబెట్టినవాళ్లు ఎఫ్‌ఐఆర్‌లో అరుదుగా కనిపిస్తారు.

గంజాయి ఈ బంధాన్ని మరింత బిగించింది. మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ధ్వంసం చేశారు. అయినా పొట్లాలు పట్నం సందుల్లోకి చేరుతూనే ఉన్నాయి. ముందు ఊరికే ఇస్తారు. అలవాటయ్యాక డబ్బు అడుగుతారు. డబ్బు లేదంటే, ఇంకో నలుగురికి అమ్మిపెట్టమంటారు. అప్పు తీర్చడానికి అమ్మడం మొదలుపెట్టిన కుర్రాడు ఆ బ్యాచ్ నుంచి బయటకు రావాలన్నా రానివ్వరు.

భయమే కత్తి పట్టిస్తుంది

బయటికి పొగరుగా కనిపించే ఈ కుర్రాళ్లలో చాలామందిని లోపల నడిపించేది భయం. అవతలి బ్యాచ్‌వాడి దగ్గర కత్తి ఉందని విన్న రోజు వీడూ ఒకటి కొంటాడు. వీడి దగ్గర ఉందని తెలిసి వాడు రెండోది తెస్తాడు. ఇద్దరూ ప్రాణరక్షణ కోసమే అనుకుంటారు. అలా నడుముకు చేరిన కత్తి, చూపు తగిలిందనో, బండి హారన్ కొట్టాడనో, ఇన్‌స్టాగ్రామ్‌లో కామెంట్ పెట్టాడనో బయటికొస్తుంది. ఒకప్పుడు నాలుగు తిట్లతో పోయే గొడవ ఇప్పుడు పోస్టుమార్టం దాకా వెళ్తోంది.

ఒక్కసారి కేసయ్యాక వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. రౌడీషీట్ తెరుస్తారు. పండగకూ ఎన్నికలకూ బైండోవర్. ఆదివారం స్టేషన్‌కు వచ్చి హాజరు వేయించుకోవాలి. పోలీస్ వెరిఫికేషన్ అడిగే ఏ ఉద్యోగమూ రాదు, పాస్‌పోర్టూ చిక్కే. పిల్లనివ్వరు. మారదామనుకున్నవాడికి పని ఇచ్చే మనిషి దొరకడు. ఎప్పుడూ తలుపు తీసి ఉంచేది పాత అన్న ఒక్కడే. శిక్ష భయంతో మారాల్సిన కుర్రాడిని మనమే ఆ తలుపులోకి నెడుతున్నాం.

చనిపోయినవాడి ఇంట్లో తల్లి, చంపినవాడి ఇంట్లో తల్లి ఒకే కోర్టు వరండాలో చెరో స్తంభం దగ్గర కూర్చుంటారు. ఇద్దరూ కూలి మానుకునే వస్తారు. లాయరు ఫీజుకు ఒకరు పుస్తెలతాడు తాకట్టు పెడతారు, కర్మకాండకు ఇంకొకరు. వాయిదా పడిందని గుమస్తా చెబితే టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని బస్సెక్కుతారు. వాళ్ల కొడుకుల్ని పిలిచిన అన్న ఆ వరండాలో కనిపించడు.

---

చట్టంలో ఉంది, వాడకంలో లేదు

► బాలల న్యాయ చట్టం (2015) సెక్షన్ 83: పిల్లలను ఒక్కొక్కరిగా గానీ, గ్యాంగుగా గానీ చట్టవ్యతిరేక పనులకు వాడుకున్న పెద్దలకు ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల రూపాయల జరిమానా.

► భారతీయ న్యాయ సంహిత (2024 జులై 1 నుంచి అమలు) సెక్షన్ 95: నేరం కోసం మైనర్‌ను కుదుర్చుకున్నవారికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదేళ్ల జైలు. ఆ నేరం జరిగితే, అది తనే చేసినట్టు లెక్క.

► పద్దెనిమిది లోపు వారు నేరంలో చిక్కుకుంటే వాళ్ల పేరు, ఫొటో బయటపెట్టకూడదు. ఆ వీడియోలు వాట్సాప్‌లో తిప్పడమూ తప్పే.

► ఆపదలో ఉన్న పిల్లల కోసం: 1098. మత్తు పదార్థాల సమాచారానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908.

---

గ్లాస్గో కోర్టు హాలులో

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరాన్ని ఇరవై ఏళ్ల కిందట యూరప్ హత్యల రాజధాని అనేవారు. ఓడల కర్మాగారాలు మూతపడి, తండ్రులు పని పోగొట్టుకుని తాగుడుకు బానిసలైన కాలనీల్లో తరాల తరబడి గ్యాంగులు ఉండేవి. ఈ వీధివాడు రోడ్డు దాటి ఆ వీధిలోకి వెళ్తే ముఖం మీద కత్తిగాటు పడేది. ఏళ్ల తరబడి అరెస్టులు చేసినా లాభం లేకపోయింది.

2005లో అక్కడి పోలీసులు హింసను తగ్గించడానికే ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో కారిన్ మెక్‌క్లస్కీ ఒకప్పుడు నర్సు, తర్వాత పోలీసు శాఖలో విశ్లేషకురాలు. రెండో వ్యక్తి జాన్ కార్నోకన్, హత్య కేసులు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి. హింసను వ్యాధిలా చూడాలి, ఎవరికి సోకుతుందో ముందే కనిపెట్టి ఆపాలి అన్నది వాళ్ల పట్టుదల.

2008లో వాళ్లు గ్యాంగు కుర్రాళ్లను కోర్టు హాలుకు పిలిపించారు. కేసు విచారణకు కాదు. ముందు పోలీసు అధికారి లేచి, మీరెవరో, ఎక్కడ తిరుగుతారో మాకంతా తెలుసు, ఇకపై ఒకడు కత్తి తీస్తే గ్యాంగు మొత్తాన్ని వదలం అని చెప్పాడు. తర్వాత సర్జన్ లేచి, కత్తిపోటు తిన్న ముఖాన్ని కుట్టడమంటే ఎలా ఉంటుందో వివరించాడు. ఆ తర్వాత కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట్లాడింది. పోలీసు హెచ్చరికకు చలించని కుర్రాళ్లు ఆమె ముందు తలలు దించుకున్నారు. చివరికి వాళ్ల చేతికొక ఫోన్ నంబరు ఇచ్చారు. బయటపడాలనుంటే చేయండి, చదువో, పనో, మత్తు మానే చికిత్సో మేం చూస్తాం అన్నారు. ఫోన్లు వచ్చాయి. వచ్చిన ఫోనుకు జవాబిచ్చే మనిషి అవతల ఉన్నాడు. ఆ కార్యక్రమంలో చేరిన కుర్రాళ్ల హింసాత్మక నేరాలు దాదాపు సగానికి పడిపోయాయి. స్కాట్లాండ్‌లో హత్యలు పదేళ్లలో సగానికి పైగా తగ్గాయి.

వాళ్లు ఈ పాఠం నేర్చుకున్నది అమెరికాలోని బోస్టన్ నుంచి. అక్కడ 1996లో మొదలైన ఇలాంటి ప్రయత్నం తర్వాత యువకుల హత్యలు 63 శాతం తగ్గినట్టు అధ్యయనంలో తేలింది. లాస్‌ఏంజెలెస్‌లో గ్రెగ్ బాయిల్ అనే క్రైస్తవ మతగురువు 1988లో మొదలుపెట్టిన సంస్థ, జైలు నుంచి వచ్చిన గ్యాంగు సభ్యులకు బేకరీలో పని నేర్పింది. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకోజూసినవాళ్లు ఒకే బల్ల మీద పిండి పిసికారు.

---

ముప్పై సెకన్లలో బంతి

► షికాగో ప్రభుత్వ పాఠశాలల్లో ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమం ఉంది. అందులో ఒక ఆట. ఇద్దరు కుర్రాళ్లలో ఒకరి గుప్పిట్లో బంతి పెడతారు. ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. వేళ్లు విరవడం, మెడ పట్టడం, కింద పడి దొర్లడం... దాదాపు అందరూ చేసేది ఇదే.

► టైమయ్యాక గురువు అడుగుతాడు: ఇమ్మని ఒక్కరైనా అడిగారా? అడిగితే ఇస్తాడా, నన్ను చేతకానివాడు అనుకోడూ అంటాడు ఒకడు. బంతి పట్టుకున్నవాడేమో, అడిగితే ఇచ్చేవాడినే, దానిదేముంది అంటాడు.

► షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం, కార్యక్రమం జరిగినంతకాలం ఈ పిల్లల్లో హింసాత్మక నేరాలకు అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి.

---

మన చేతిలో ఉన్నవి

గ్లాస్గోను ఉన్నదున్నట్టు తెచ్చి బెజవాడ కృష్ణలంకలోనో, హైదరాబాద్ ధూల్‌పేటలోనో అతికించలేం. అక్కడి నుంచి నేర్చుకోవాల్సిన సంగతులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది, పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య జారిపోయే కుర్రాడిని పట్టుకోవడం. నెల రోజులు కాలేజీకి రాకపోతే ఇంటికెళ్లి అడిగే మనిషి ఉండాలి. వార్డు సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు, అంగన్‌వాడీలు ఉన్నాయి. ఐదేళ్ల లోపు పిల్లల బరువు రాసుకునే వ్యవస్థ మనకుంది. పదహారేళ్లవాడు ఎక్కడున్నాడో రాసుకునే పుస్తకం లేదు.

రెండోది, సాయంత్రం ఆరు నుంచి పది దాకా కుర్రాళ్లు వెళ్లడానికి అన్న అడ్డా కాకుండా ఇంకో చోటు. లైట్లున్న మైదానం, కోచ్, వ్యాయామశాల, సప్లిమెంటరీ పరీక్షకు పాఠం చెప్పే గది. పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి ఒకరు అక్కడ తప్పనిసరిగా ఉండాలి. బెజవాడలో పాత తరం రౌడీయిజంలో కాలం పోగొట్టుకుని ఇప్పుడు అరవైల్లో ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ పిల్లలకు వాళ్ల మాట ఎక్కినట్టు ఇన్‌స్పెక్టర్ ఉపన్యాసం ఎక్కదు.

మూడోది, మారినవాడికి షీటు మూసే దారి. ఇన్నేళ్లు కేసు లేకపోతే రౌడీషీట్ ఎత్తేస్తామని ముందే చెప్పి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి. పని ఇచ్చే యజమానులను పోలీసులే వెతికి పెట్టాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే కష్టం. పిల్లలు పట్టుబడిన ప్రతి కేసులోనూ వాళ్లను ఎవరు పంపారు, బండి ఎవరిది, కత్తికి డబ్బెవరిచ్చారు, ఆ సెటిల్‌మెంటులో లాభం ఎవరికి అన్నది దర్యాప్తులో తేలాలి. సెక్షన్ 83, సెక్షన్ 95 కింద ఏటా ఎంతమంది పెద్దల మీద కేసులు పెట్టారో, ఎంతమందికి శిక్ష పడిందో ప్రతి కమిషనరేటూ ప్రజలకు చెప్పాలి. అభ్యర్థి వెంట తల్వార్లతో కేకులు కోసే బ్యాచులు తిరుగుతుంటే ఆ అభ్యర్థిని ఓటరు నిలదీయాలి. స్థలం తగాదాలో ‘మనవాళ్లను’ పంపమని ఫోన్ చేసే చదువుకున్న ఆసామీ కూడా ఈ నేరంలో భాగస్వామేనని గుర్తించాలి.

కత్తి పట్టిన కుర్రాడికి శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. పోయిన ప్రాణానికి జవాబు చెప్పాల్సిందే. కానీ పదిహేడేళ్లవాడి తలకు ముసుగు వేసి మీడియా ముందు నిలబెట్టడంతో కేసు ముగిసిందనుకుంటే, ఆ సాయంత్రమే బడ్డీకొట్టు దగ్గర ఇంకొకడి భుజం మీద చెయ్యి పడుతుంది. ఆ చెయ్యి వేసిన అన్న దాకా పోలీసులు చేరుకున్న రోజే ఆ కోర్టు వరండాలోని తల్లులకు న్యాయం మొదలవుతుంది.